రెండే విప్పి, నాలుగని రాశాను

కుర్ర మెకానిక్కులు ఎవరైనా ఇంటికి వస్తే, టీ తాగుతూ ఒక ప్రశ్న అడుగుతారు. "మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఏంటండీ?" అని. నడిరోడ్డు మీద ఇంజను విప్పి మళ్ళీ కట్టిన కథ ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి రెండు మూడు ఉన్నాయి. పెళ్ళి భోజనాల దగ్గర చెప్పుకోవడానికి పనికొస్తాయి. బాగా గుర్తుండిపోయింది మాత్రం నేను ఎగ్గొట్టిన పని. దాన్ని ఇన్నాళ్ళూ నోటితో చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ నాకు తెలియకుండానే నా తప్పు కొంచెం చిన్నదవుతూ వచ్చింది. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

ముందు నా సంగతి. నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. ముప్పై రెండేళ్ళు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాక, తెనాల్లో మా ఇంట్లో ఆరు నెలలు కూర్చున్నాను. కూర్చున్నాననడం తప్పు. ఫ్యాను విప్పాను, మిక్సీ విప్పాను, చక్కగా తిరుగుతున్న పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు విప్పాను. చివరికి కుట్టుమిషను మీద చెయ్యి వేసేసరికి మా ఆవిడ ఓపిక అయిపోయింది. "ఎక్కడైనా పనిలో చేరండి. జీతం ఇవ్వకపోయినా సరే" అంది.

ఊళ్ళో ఒక ధర్మసంస్థ ఉంది. వాళ్ళకి ఎవరో ఒక పెద్దమనిషి తన ఇంటిబండి దానంగా ఇచ్చాడు. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే ట్రెయిలర్ అది. భార్యతో దేశమంతా తిరగాలని ముచ్చటపడి చేయించుకున్నాడట. లోపల మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, కిటికీలకి కుచ్చుల తెరలు. రెండు ప్రయాణాలకే భార్యాభర్తలిద్దరికీ విసుగు పుట్టింది. సంస్థవాళ్ళు మంచమూ పొయ్యీ తీసేసి, గోడలకి మందపాటి స్పాంజి అంటించి, లోపలికి చప్పుడు చొరబడని చిన్న గది కట్టించారు. దాంట్లో బడిపిల్లలకి చెవుల పరీక్షలు చేస్తారు. పిల్లవాడు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. సన్నగా ఒక చప్పుడు వినిపించినప్పుడల్లా వేలెత్తుతాడు. వేలెత్తకపోతే చెవిలో ఏదో లోపం ఉన్నట్టు.

ఆ బండి చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. పరీక్షలు చేసే మేడం బాపట్ల అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో. నన్ను "బాబాయ్ గారూ" అనేది. ఆ అమ్మాయి మాటలు నోట్లోనే ఉండిపోతాయని నాకు చిరాకు. జీపు నడిపే డ్రైవరుది రేపల్లె దగ్గర పల్లెటూరు, నలభై ఏళ్ళవాడు. వాడికి నోరూ చెవీ రెండూ ఎక్కువే. వీళ్ళిద్దరూ, నేనూ, పైన సంస్థ కార్యదర్శి గారు. ఆయన రిటైరైన లెక్చరర్. బండికి చేసిన పనులు రాసే లాగుబుక్కులో నేను రాసిన ప్రతి అక్షరం సోమవారం పొద్దున్నే చదివేవారు.

ట్రెయిలర్‌కి ఇంజను ఉండదు కాబట్టి దానికి పనేముంటుంది అనుకుంటారు చాలామంది. ఉన్నవి నాలుగు చక్రాలు, పక్కకి రెండు. కానీ బరువంతా ఆ నాలుగు చక్రాల బేరింగుల మీదే నడుస్తుంది. ఎప్పటికప్పుడు చక్రం ఊడదీసి, బేరింగులు డీజిల్లో కడిగి, అరచేతిలో గ్రీజు పెట్టుకుని గుండ్ల సందుల్లోకి ఎక్కించాలి. నీళ్ళు చొరబడకుండా కొత్త సీలు వేయాలి. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, మళ్ళీ కాస్త వదలాలి. ఎక్కువ బిగిస్తే వేడెక్కి చస్తుంది, వదులైతే ఊగి చస్తుంది. చక్రం వెనకుండే ఇనప డ్రమ్ములోనే బ్రేకులు కూడా. జీపులో బ్రేకు నొక్కగానే ఒక్కో డ్రమ్ములో ఉన్న అయస్కాంతానికి కరెంటు వచ్చి బ్రేకు షూలని తెరిచి డ్రమ్ముకి ఒత్తుతుంది. సీలు పాడైతే గ్రీజు కారి షూల మీద పడుతుంది, అప్పుడు బ్రేకు జారిపోతుంది. ఇంతకుమించి మీకు తెలియక్కర్లేదు.

బేరింగు బాగుందో లేదో చూడడానికి నా పద్ధతి ఒకటుండేది. చక్రం జాకీ మీద ఎత్తి, చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి వినేవాణ్ణి. బేరింగు చెడడం మొదలైతే ఇసుక నలిగినట్టు సన్నటి చప్పుడొస్తుంది. డిపోలో నా చెవికి పేరుండేది. పక్క షెడ్డులోవాళ్ళు కూడా "ఒకసారి విని పెట్టు" అని పిలిచేవాళ్ళు. ఆ పేరంటే నాకు చాలా గర్వం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, మెకానిక్కుల్లో చేతులు ఎవరికైనా ఉంటాయి, చెవి కొందరికే ఉంటుంది అని నలుగురి ముందూ అనేవాణ్ణి కూడా.

ట్రెయిలర్ దగ్గర చేరిన మొదటి ఏడు ఒక సంగతి జరిగింది. బ్రేకులు పరీక్షించాలని డ్రైవరుని జీపులో కూర్చోబెట్టి పెడలు నొక్కమన్నాను. కరెంటు వస్తే అయస్కాంతం సన్నగా మోగుతుంది. నేను చక్రం పక్కన గొంతుకూర్చుని విన్నాను. ఏమీ లేదు. "వైరు తెగింది" అన్నాను. ఆ పూటంతా వైర్లన్నీ విప్పి కొత్తవి వేశాను. మళ్ళీ నొక్కమన్నాను. మళ్ళీ ఏమీ లేదు. డ్రైవరు దిగివచ్చి నా పక్కన వంగాడు.

"ఏంటి బాబాయ్, తుమ్మెదలాగా మోగుతోందిగా?"

"ఆ... ఇప్పుడు వచ్చింది" అన్నాను.

"పొద్దుట కూడా వచ్చిందండి. మీరు వైరు అన్నారని ఊరుకున్నాను."

వాడివైపు చూడకుండా సామాన్లు సర్దుకున్నాను. ఇంట్లో టీవీ దగ్గర కూడా ఇదే గొడవ. ఈ మధ్య నటులకి మాట తిరగడం లేదు అని నేను, వీధి చివరిదాకా వినిపిస్తోంది తగ్గించండి అని మా ఆవిడ. మేడం రెండు మూడుసార్లు అడిగింది, "ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి బాబాయ్ గారూ, మీకూ పరీక్ష చేస్తాను" అని. ఆ ఐదు నిమిషాల్లో బిగించాల్సిన నట్టు ఏదో ఒకటి నాకు ఎప్పుడూ దొరికేది.

ఆ సంవత్సరం వాడరేవులో క్యాంపు పెట్టారు. బడి ఆవరణలో జాగా చాలక ట్రెయిలర్‌ని ఇసుక అంచున నిలబెట్టాం. పౌర్ణమి రోజులు. మేం ఊళ్ళో భోజనం చేసి వచ్చేసరికి పోటు ఎక్కి నీళ్ళు చక్రాల నడుముదాకా వచ్చేశాయి. పల్లెకారులు ట్రాక్టరు తెచ్చి లాగిపెట్టారు. మంచినీళ్ళతో చక్రాలు కడిగించాను. కానీ ఉప్పునీళ్ళు ఒకసారి బేరింగులుండే చక్రం నడిమి హబ్బులోకి వెళ్ళాయంటే పైన కడిగితే పోవు. నాలుగైదు రోజుల్లో విప్పి చూడాల్సిందే. ఇది నాకు మీకంటే బాగా తెలుసు.

తరవాత బాపట్లలో మూడు రోజుల క్యాంపు. అది అయ్యాక ఆదివారం తెనాలి షెడ్డులో పని మొదలుపెట్టాను. మర్నాడు రేపల్లె దాటి ఒక పెద్ద బడిలో క్యాంపు. చుట్టుపక్కల ఊళ్ళనించి కూడా పిల్లల్ని రప్పిస్తున్నారు. కుడివైపు ముందు చక్రం విప్పాను, బాగానే ఉంది. కుడివైపు వెనకది విప్పాను. లోపల గ్రీజు మజ్జిగలా తెల్లగా ఉంది. అంటే నీళ్ళు చేరాయి. కడిగి, కొత్త బేరింగు వేసి, కొత్త సీలు వేసి బిగించాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది. నా దగ్గరున్న సీళ్ళు రెండూ అయిపోయాయి. ఆదివారం కాబట్టి స్పేర్‌పార్టుల కొట్టు మూసి ఉంది. నడుము పట్టేసింది.

ఎడమవైపు రెండు చక్రాలూ జాకీ మీద ఎత్తి, తిప్పి, చెవి పెట్టాను. రెండింట్లోనూ చప్పుడు లేదు. హాయిగా తిరుగుతున్నాయి. ఇవి బాగున్నాయి అనుకున్నాను.

డ్రైవరు జీపు కడుగుతూ అక్కడే ఉన్నాడు. "బాబాయ్, ఆ వెనక చక్రం గరగరమంటోంది" అన్నాడు.

"నీ చెవికి ఎప్పుడూ ఏదో ఒకటి."

"నిజంగానండీ. ఇంకోసారి తిప్పండి."

"ముప్పై రెండేళ్ళు ఇదే పని చేశానబ్బాయ్. నువ్వు కడుక్కో."

వాడు కడుక్కున్నాడు. నేను లాగుబుక్కు తీశాను. ఎడమవైపు రెండూ విప్పలేదని రాస్తే పొద్దున్నే కార్యదర్శి గారు చదివి క్యాంపు ఆపేస్తారు. అన్ని ఊళ్ళ పిల్లలూ వచ్చి ఉత్తినే పోతారు. సోమవారం సాయంత్రం తిరిగి రాగానే సీళ్ళు తెచ్చి విప్పేద్దాం అనుకున్నాను. "నాలుగు చక్రాలు విప్పి, కడిగి, గ్రీజు పెట్టడమైనది" అని రాసి సంతకం చేశాను. అబద్ధం రాస్తున్నట్టు అనిపించలేదు. రేపు చేసే పనిని ఇవాళ రాస్తున్నట్టు అనిపించింది. మీరు కూడా ఏదో ఒకనాడు ఇలా అనుకుంటారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మామూలుగా నేను క్యాంపులకి వెళ్ళేవాణ్ణి కాదు. ఆ సోమవారం మాత్రం ఇంట్లో నిలవలేకపోయాను. టిఫిన్ పళ్ళెం ముందు పెట్టుకుని రెండుసార్లు లేచాను. "మళ్ళీ ఏం విప్పుతారో" అంది మా ఆవిడ. నేరుగా షెడ్డుకి పోయి జీపులో ముందు సీట్లో కూర్చున్నాను. మేడం వెనక సీట్లో. డ్రైవరు నన్ను చూసి ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

వేమూరు దగ్గర టీకి ఆగడం మా అలవాటు. ఆగినప్పుడు దిగి ఒక్కో హబ్బు మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి కాలితే లోపల ఏదో జరుగుతున్నట్టు. ఈ నియమం పెట్టింది కూడా నేనే.

"ఆపనా బాబాయ్? టీ తాగి, చెయ్యి పెట్టి చూద్దాం" అన్నాడు డ్రైవరు.

"అక్కర్లేదు. పిల్లలు ఎదురుచూస్తుంటారు, పోనియ్యి."

"ఆ చప్పుడు..."

"ఏ చప్పుడు?"

వెనక నుంచి మేడం ముందుకి వంగింది. నా కోసమేనేమో, మాట మాట విడదీసి గట్టిగా చెప్పింది. "నాకూ వినిపిస్తోంది బాబాయ్ గారూ. మీకు వినిపించట్లేదా?"

"వినిపించకేం? అది రోడ్డు చప్పుడమ్మా. టైరు పాతది" అన్నాను.

నాకు జీపు ఇంజను తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆ క్షణంలో నాకది తెలుసు. వాళ్ళిద్దరికీ వినిపించేదేదో నాకు వినిపించడం లేదని స్పష్టంగా తెలుసు. అయినా "ఆపు" అనలేదు. సీటు అంచు గోళ్ళతో గీకుతూ కూర్చున్నాను. వేమూరు వెనకబడింది. రోడ్డుకి ఒక పక్క కాలవ, రెండో పక్క మినుప చేలు. ఒక్కో కిలోమీటరు రాయి దాటినప్పుడల్లా, ఇంకెంత, ఇంకెంత అని లెక్కపెట్టుకుంటున్నాను. దిగి చూద్దామని నాలుకదాకా వచ్చేది, మళ్ళీ మింగేవాణ్ణి. దిగి చూస్తే వాడి మాటే నిజమైపోతుందిగా.

ముక్కు మాత్రం నన్ను మోసం చేయలేదు. గ్రీజు మాడిన వాసన వచ్చింది. డిపోలో పనిచేసినవాడికి ఆ వాసన వస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

"ఆపు! ఆపరా!"

డ్రైవరు బ్రేకు నొక్కాడు. ట్రెయిలర్ ఒక పక్కకి గుంజింది. వెనక ఏదో విరిగిన చప్పుడు, అది నాకు కూడా వినిపించింది. జీపు ఊగింది, మేడం కేక పెట్టింది. నా పక్క అద్దంలోంచి ఒక చక్రం కనిపించింది. డ్రమ్ముతో సహా ఊడి, జీపుని దాటుకుని, ఏ తొందరా లేనట్టు ముందుకి దొర్లుతూ పోతోంది.

ముందు ఒక తూము ఉంది. తూము పక్కన రోడ్డు అంచున ఒకావిడ తలమీద ఆకుకూరల బుట్టతో నడుస్తోంది. ముగ్గురం ఒకేసారి అరిచాం. ఆవిడ వెనక్కి తిరిగింది. చక్రం చూసి పక్కకి దూకబోయి పడిపోయింది. చక్రం ఆవిడ చీరకుచ్చెళ్ళు రాసుకుంటూ పోయి, తూము గోడకి తగిలి ఎగిరి కాలవలో పడింది. బుట్ట ఒకవైపు, గోంగూర, తోటకూర రోడ్డంతా.

నేను పరుగెత్తానో నడిచానో గుర్తు లేదు. ఆవిడ రోడ్డు మీద కూర్చుని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. మణికట్టు వంకర పోయి ఉంది. అరవై ఏళ్ళుంటాయి. ఏడవడం లేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంత రోడ్డుంటే నా మీదకే రావాలా మీ చక్రం?"

 చేలలోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. ఒక రైతు నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "చూసుకుని బయల్దేరొద్దా పెద్దాయనా? రెండడుగులు ఇటయితే ఏమయ్యేది?" అన్నాడు. డ్రైవరే చకచకా జీపు విడదీసి, ఇంకో ఆడమనిషిని తోడు కూర్చోబెట్టుకుని ఆవిణ్ణి రేపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ ఎక్కబోతే ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోలేదు. "బండి ఇక్కడుంది, నువ్వూ ఇక్కడే ఉండు" అన్నారు. మేడం సంస్థకీ, బడికీ ఫోన్లు చేసింది. క్యాంపు లేదని చెప్పింది. నేను రోడ్డు మీద పడ్డ గోంగూర ఏరి బుట్టలో సర్దాను. అదొక్కటే చేతనైంది.

తరవాత ఊడిపోయిన చోటు చూశాను. ఇరుసు చివర నల్లగా మాడి నీలంగా మెరుస్తోంది. బయటి బేరింగు పొడిపొడి అయిపోయింది. లోపలి బేరింగు తుప్పు పట్టి, ఇరుసుకి అతుక్కుపోయింది. బ్రేకు షూల మీద గ్రీజు కారి తడితడిగా ఉంది. వారం రోజులుగా ఆ ఉప్పునీళ్ళు లోపల తినేస్తూనే ఉన్నాయి. ఆదివారం నేను తిప్పినప్పుడు అది తప్పకుండా చప్పుడు చేసే ఉంటుంది. చెవి పెట్టినా నాకే వినపడలేదు.

ఎండ ఎక్కింది. ట్రెయిలర్ కింద జాకీ పెట్టి, చెక్క మొద్దులు దూర్చి బండిని సమం చేశాను. చేతులకి పని కావాలి కాబట్టి చేశాను. మేడం చాలాసేపు చూసి, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాబాయ్ గారూ, లోపలికి రండి."

ఈసారి నట్టేమీ దొరకలేదు. లోపలికి వెళ్ళి పిల్లల కుర్చీలో కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. హెడ్‌ఫోన్ తగిలించి, "చప్పుడు వినిపిస్తే వేలెత్తండి, ఎంత సన్నగా ఉన్నా సరే" అని చెప్పి తలుపు వేసింది. చిన్న అద్దంలోంచి మేడం తల వంచుకుని మిషను మీద ఏదో నొక్కుతుండడం కనిపిస్తోంది. మొదట్లో లావుపాటి చప్పుళ్ళు వినిపించాయి. వేలెత్తాను. తరవాత ఆగిపోయాయి. బహుశా ఏదో సర్దుకుంటోంది అనుకున్నాను. ఎదురుచూశాను. జీవితంలో అంతసేపు నేను కదలకుండా కూర్చుని ఉండను. రెండో చెవికి కూడా అంతే. తలుపు తెరుచుకుంది.

"మిగతావి ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అన్నాను.

"అయిపోయింది బాబాయ్ గారూ."

ఆమె కాగితం చూపించింది. గీత కొంతదూరం బాగానే నడిచి, మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది. "లావు శబ్దాలు వినగలుగుతున్నారు. సన్నవి పోయాయి. ఏళ్ళ తరబడి ఇంజన్ల మధ్య పనిచేశారు కదండీ, ఒక్కరోజులో జరిగింది కాదు. మీ తప్పు కాదు" అంది.

"చెవి పోవడం నా తప్పు కాదులేమ్మా" అన్నాను. 

మధ్యాహ్నం కార్యదర్శి గారు కారులో వచ్చారు. దాదాపు అదే సమయానికి డ్రైవరు కూడా ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాడు. ఆవిడకి మణికట్టు ఎముక విరిగిందని, కట్టు కడుతున్నారని, ప్రాణానికేం ఫరవాలేదని చెప్పాడు. కార్యదర్శి గారు చేతిలో లాగుబుక్కు పట్టుకునే వచ్చారు.

"నిన్ననేగా నాలుగు చక్రాలూ విప్పి చూశారు? ఇందులో స్పష్టంగా ఉంది" అని డ్రైవరువైపు తిరిగారు. "ఎంత స్పీడులో పోతున్నావయ్యా? గోతుల్లో చూడకుండా కొట్టావా?"

డ్రైవరు నావైపు చూశాడు. ఆదివారం నుంచి జరిగినదంతా వాడికి తెలుసు. నేను రెండే విప్పడం చూశాడు, చప్పుడుందని రెండుసార్లు చెప్పాడు, ఆపనా అని అడిగాడు. ఇవన్నీ చెప్పడానికి వాడికి ఒక్క నిమిషం పట్టదు. చెప్పలేదు. తల దించుకుని, "మామూలుగానే పోతున్నానండి" అన్నాడు.

నాకు చెప్పక తప్పదని అప్పటికే తెలుసు. అయినా ఆ కాసేపట్లో నా బుర్ర ఎన్ని దారులు వెతికిందో మీకు చెప్పాలి. పోటు వచ్చింది, సీళ్ళు లేవు, కొట్టు మూసి ఉంది. ఒక్కొక్కటీ నిజమే. అన్నీ కలిపితే అబద్ధం.

"అతని తప్పేమీ లేదండి. నేను రెండే విప్పాను" అన్నాను. "నాలుగని రాశాను. అతను చప్పుడుందని నిన్ననే చెప్పాడు. నేను వినలేదు. నాకు వినపడదు కూడా. ఇందాకే తెలిసింది."

కార్యదర్శి గారు పుస్తకం మూశారు. 

"డిపోలో ఎన్నేళ్ళు చేశారు?"

"ముప్పై రెండండి."

"అన్నేళ్ళూ ఇలాగే రాశారా?"

"లేదండి. ఇదొక్కసారే."

"నేనెలా నమ్మాలి?"

  ఒక్క తప్పుడు రాత వెనక్కి కూడా పాకుతుందని, సరిగ్గా చేసిన పనులన్నింటినీ తడిమి అనుమానించేలా చేస్తుందని అప్పుడే అర్థమైంది. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పనిలోంచి పొమ్మంటారనుకున్నాను. ఆయన పొమ్మనలేదు. ట్రెయిలర్‌ని షెడ్డుకి చేర్చాక నాలుగు చక్రాలూ మళ్ళీ విప్పమన్నారు, కానీ డ్రైవరు పక్కన నిలబడి చూడాలి, సంతకం ఇద్దరూ పెట్టాలి. ఆ తరవాత ఆ పని పూర్తిగా అతనికి నేర్పి అప్పగించాలి. నా కింద పనిచేసేవాడు నా పనికి కాపలా అన్నమాట. రెండు రోజులు మింగుడు పడలేదు. మూడోరోజు డ్రైవరు మొదటిసారి చేత్తో గ్రీజు ఎక్కిస్తూ, "ఇంత చాలా బాబాయ్, ఇంకా పెట్టనా?" అని ఏ మార్పూ లేని గొంతుతో అడిగాడు. వాడు ఆ రోజు గురించి నా దగ్గర మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఎత్తాను.

"నాలుగు మాటలు అనొచ్చు కదరా నన్ను?"

"అంటే మీకు వినపడాలిగా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. 

ఆకుకూరల ఆవిడ ఇంటికి ఆ శుక్రవారమే వెళ్ళాను. వైద్యం సంగతి సంస్థ చూసుకుంది, నేను వెళ్ళాల్సిన పని లేదు. కానీ ఇంట్లో నిలవలేను. రేపల్లె రైలెక్కి, దిగి, అడుగుతూ పోయాను. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది, చేతికి కట్టుతో. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఆవిడ కూతురు మంచినీళ్ళిచ్చింది. తాగి వచ్చేశాను. మరుసటి వారం మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు కూతురు పొలం పోయింది. ముందు గోంగూర కుప్ప పోసి ఉంది. ఆవిడ ఒంటిచేత్తో కట్టలు కట్టబోతోంది, పుల్లలు జారిపోతున్నాయి. నేను అడక్కుండానే కూర్చుని కట్టడం మొదలుపెట్టాను.

"కట్టంటే అలాగా కట్టేది? నలిగి చస్తుంది. కాస్త వదులుంచు" అంది.

నాతో ఆవిడ మాట్లాడిన రెండో మాట అది. ఆ తరవాత ఆవిడ చెప్పడం, నేను కట్టడం. నాలుగు వారాలు అలా వెళ్ళాను. క్షమించానని ఆవిడ అనలేదు, నేను అడగలేదు. మూడోవారం నాకు చెవి మిషన్లు వచ్చాయి. మొదటిరోజు చెవుల్లో పెట్టుకుని వెళితే ఆ ఇంట్లో కాగితం కదిలినా, కోడి గీరినా ఉలిక్కిపడ్డాను. ఆవిడ వింతగా చూసి, "అవేంటి?" అంది. చెప్పాను. "అవి ముందే పెట్టుకోవాల్సింది" అంది. పెట్టుకోవాల్సిందే.

ఆగిపోయిన క్యాంపు మళ్ళీ పెట్టారు. ఆ ముందురోజు నాలుగు చక్రాలూ డ్రైవరే విప్పాడు. నేను పక్కన కూర్చుని చూశాను. బ్రేకులు ఒక్కొక్కటే నొక్కించి సరిచూశాం. నన్నూ బండిలో రమ్మన్నాడు. వేమూరులో ఆగి నాలుగు హబ్బుల మీదా చెయ్యి పెట్టాను. టీ తాగి మళ్ళీ పెట్టాను. "ఒక్క నిమిషంలో ఏం మారుతుంది బాబాయ్ గారూ?" అని మేడం నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తూము దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు వేగం తగ్గించాడు.

ఆవిడ అక్కడే ఉంది. కట్టు విప్పేశారు, చెయ్యి ఇంకా సన్నగా, తెల్లగా ఉంది. ఎడమచేత్తో బుట్ట నడుముకి ఆనించుకుని, రెండో చెయ్యి అడ్డం పెట్టి జీపు ఆపింది. నేను దిగాను.

"ఏవయ్యా, ఈసారి బిగించావా?"

"ఇతను బిగించాడమ్మా. నేను చూశాను."

"నేనూ చూడాలిగా."

బుట్ట కింద పెట్టి ట్రెయిలర్ చుట్టూ నడిచింది. ఒక్కో చక్రం దగ్గర ఆగి, బాగున్న చేత్తో పట్టుకుని ఊపింది. ఎలా ఊపాలో ఎవరూ చెప్పలేదు, కానీ సరిగ్గా పైనా కిందా పట్టుకునే ఊపింది. డ్రైవరు, మేడం, నేను ముగ్గురం ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాం. నాలుగో చక్రం, అదే ఎడమ వెనకది, రెండుసార్లు ఊపింది. కదల్లేదు.

"ఊఁ. సరే, పొండి. మెల్లగా పొండి" అంది.

బుట్ట తీసి మళ్ళీ నడుముకి ఆనించుకుంది. మేం జీపెక్కాం. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి కూడా బండి కదపలేదు. ఆవిడ రోడ్డు అటూ ఇటూ చూసుకుని, అవతలి పక్కకి దాటి, చేనుగట్టు మీదకెక్కి నిలబడేదాకా ఆగాడు. అప్పుడు పోనిచ్చాడు.